మిస్సమ్మ, మిస్సియమ్మ: ఒక బాణికి రెండు పాఠములు

1955 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన "మిస్సమ్మ" యను తెలుఁగు చిత్రమును, రెండుదినముల పిమ్మట "మిస్సియమ్మ" యను తమిళ చిత్రమును విజయా సంస్థవారు విడుదల చేసిరి. కథ యొకటి; దర్శకుఁ డొకఁడు; నాయిక యొకతె; బాణీలును నొకటియే. ఈ రెంటిలో నేది మూలము, ఏది యనువాదము? మనలోఁ బెక్కురు తమిళ చిత్రమును తెలుఁగునకు ఛాయగా నెంచి, తెలుఁగువారి కళాచరిత్రమున దానికిఁ జోటీయరు. ఆ యెన్నిక సరికాదని చూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మూలమని చెప్పఁదగినది వేఱొకటి కలదు. అది రవీంద్రనాథ మైత్ర వ్రాసిన "మన్మయీ గర్ల్స్ స్కూల్" అను వంగనాటకము. శరత్తు నవలలను తెలిఁగించి ప్రసిద్ధిగాంచిన చక్రపాణి దానిని చిత్రకథగా మలచెను. ఉద్యోగము లేని యొక యువకుఁడును, క్రైస్తవ యువతియైన మేరియు దంపతులమని బొంకి యొక జమీందారుని పాఠశాలలో నుపాధ్యాయత్వమునకుఁ గుదురుకొనుటయు, ఆ బొంకు క్రమముగా నిజమైన యనురాగమగుటయు నిందలి వస్తువు. ఒక మాతృకనుండి రెండు దేశములందు బయలుదేఱిన ప్రతులను మనము పాఠాంతరము లందుము గాని, ఒకదానిని వేఱొకదానికి దాసిగాఁ జేయము. గ్రంథపరిష్కర్తలకు నిత్యపరిచితమైన యీ న్యాయమును చిత్రములయెడ మాత్ర మేల విడువవలెను?

ఇఁక దేశమును విచారింతము. దర్శకుఁడైన ఎల్. వి. ప్రసాదు 1908 లో ఏలూరునకు సమీపమునందలి సోమవరప్పాడున జన్మించెను. జమీందారు పాత్రధారి ఎస్. వి. రంగారావు జన్మస్థానము నూజివీడు. తెలుఁగు చిత్రమున రాజు పాత్ర ధరించిన అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ ప్రాంతమునందలి రామాపురమువాఁడు. దేవయ్య పాత్రధారి రేలంగి వెంకటరామయ్య తాడేపల్లిగూడెమును నివాసముగాఁ జేసికొని, యచ్చట తన పేర చిత్రమందిరమును గట్టించెను. కొల్లేటి సరస్సు నడుమ నుంచి చుట్టును గీఁత గీచినచో వీరందఱును ఆ వలయమునందో, దాని యంచుననో యుందురు. వీరిలో ప్రసాదును రంగారావును తమిళమునకును వెళ్లిరి. నాగేశ్వరరావు పాత్రను తమిళమున తంగవేలు ధరించెను. రేలంగి పాత్రయు నన్యునకుఁ బోయెను. రామారావు స్థానమున జెమినీ గణేశన్ నిలిచెను. సావిత్రియు, జమునయు మాఱలేదు. ఈ మార్పులో నొక తర్కము కలదని నా తలంపు. హాస్యము మాండలికమును విడిచి బ్రతుకదు. రేలంగి తన గొంతుతోఁ దానే పాడుకొన్న పాటలోని రుచి తాడేపల్లిగూడెపు సంతలోని నుడికారమును నమ్ముకొన్నది. దానిని కావేరి దాఁటించుట వ్యర్థము. అనురాగమునకును, పితృవాత్సల్యమునకును ఆ నిర్బంధము లేదు.

ప్రసాదున కీ రెండుభాషల వ్యవహారము క్రొత్తది కాదు. 1931 లో తొలి తమిళ శబ్దచిత్రమని పేరొందిన "కాళిదాసు"లోను, మఱుసటి యేఁటి తెలుఁగు "భక్తప్రహ్లాద"లోను నతఁడు నటించెను. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలో తయారైన ఆ "కాళిదాసు"లో తమిళముతోఁ దెలుఁగును గలిసి వినవచ్చెను; త్యాగరాజకృతులును పాడఁబడినవి. 1952 లో "పెండ్లిచేసిచూడు" చిత్రమును ప్రసాదు రెండుభాషలందును దీసెను. వేంగిరాజకుమారుఁడు 1070 లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుఁడైన సీమనుండి వచ్చినవాని కిది వింతకాదని చమత్కరింపవచ్చును.

ఇఁక సంగీతము. సాలూరు రాజేశ్వరరావు గూర్చిన బాణీలకు తెలుఁగున పింగళి నాగేంద్రరావును, తమిళమున తంజై రామయ్యదాసును పదములు గూర్చిరి. నాయకునకు రెంటను ఏ. ఎం. రాజాయే పాడెను, సావిత్రికి పి. లీలయు, జమునకు పి. సుశీలయు గొంతు నిచ్చిరి. రాజా చిత్తూరు సీమవాఁడు గాన తమిళము పొరుగుభాష. సుశీల విజయనగరమువారు, ప్రాచీనశాసనములం దుండి పిదప మన భాషనుండి లోపించిన ఴకార మామెకు వేఱుగా సాధింపవలసిన ధ్వని.

తెలుఁగు అజంతభాష, స్వరమును సాగఁదీయుటకు పదాంతమున నచ్చు సిద్ధముగ నుండును. తమిళమున మ, న, ల, రకారాంతములు విస్తారము. అచ్చుపై నిలుపవలసిన బాణి అచ్చట హల్లుపై నాఁగును. రామయ్యదాసునకు మకారాంతము తోడ్పడెను: అనునాసికముపై శ్రుతి నిలుచును. బృందావనమును గూర్చిన యుగళగీతము దీనికి చక్కని నిదర్శనము. బృందావన మందఱిదని చెప్పి రాధ యీర్ష్యను మృదువుగ మందలించు పాట యది. మేరి మనసులోఁ బుట్టిన యసూయకుఁ దగిన సమయమునఁ బడినది. తెలుఁగున "అది" యను సర్వనామముతో వాక్యము నిలిచెను. తమిళమున "ఉమ్" అను సముచ్చయప్రత్యయమును రెండు పదములకుఁ జేర్చి, వనమును నందకుమారుఁడును సర్వుల యుమ్మడి సొత్తనిరి. వ్యాకరణము వేఱు, భావ మొకటి, కాలప్రమాణ మొకటి. ద్వితీయాక్షరప్రాసము తెలుఁగునకువలెనే తమిళమునకును "ఎదుగై" పేర సహజమగుటచే, అచ్చటి శ్రోతకుఁ గూర్పులో నతుకు కనఁబడదు.

ఆ పాట శుద్ధసావేరి. గాంధారనిషాదములు లేని యీ యౌడవరాగము గీతములు నేర్చు బాలురకుఁ దొలినాళ్లనే పరిచితము. కాకినాడలోని పిల్లయు, కుంభకోణములోని పిల్లయు నొక్కతీరుననే నేర్తురు. కావున రాజేశ్వరరావు బాణి యేదో యొక భాషకుఁ బుట్టి మఱియొకదానికి నెరవుగాఁ బోయినదనుట పొసఁగదు; అది యుభయుల పాఠశాలనుండి వచ్చినది.

అనువాద మన నెట్టిదో చూడవలె నన్నచో 1957 లోని హిందీ "మిస్ మేరీ"ని చూడవచ్చును. దర్శకుఁడు ప్రసాదే, నాయకుఁడు జెమినీ గణేశనే, నాయిక మాత్రము మీనాకుమారి. సంగీతకర్త హేమంతకుమారుఁ డైనను, బృందావనగీతపు బాణి నట్లే నిలిపిరి. ఉత్తరదేశమున దుర్గారాగము శుద్ధసావేరికి సమానమగుటచే నది యచ్చట సులువుగ నిమిడెను. కాని పల్లవి యర్థము మాఱినది: బృందావనకృష్ణుఁ డందఱి కన్నులకును వెలుఁగయ్యెను. అందఱి సొత్తు అందఱి ముద్దుబిడ్డఁ డగుటతో, ఈర్ష్యపడుటకు నీకేమి హక్కని రాధ నడిగెడి పల్లవి పదును మొక్కవోయినది. తమిళమునం దట్టి లోప మేదియు లేదు.