చుట్టూ చెరువులే, ఈతకు చోటేది? హైదరాబాద్ నీళ్ల కథ

ఒకసారి ఫోన్‌లో మ్యాప్స్ ఓపెన్ చేసి హైదరాబాద్‌ని చూడండి. మధ్యలో హుస్సేన్ సాగర్. పడమర వైపు పక్కపక్కనే రెండు పెద్ద నీలం మచ్చలు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. ఊరికి అడ్డంగా మూసీ. ఇవి కాక దుర్గం చెరువు, సరూర్‌నగర్, మీర్ ఆలం, షామీర్‌పేట. ఇన్ని నీళ్లున్న ఊళ్లో మే నెల ఎండకి మనోళ్లు ఈత కొట్టడానికి ఎక్కడికి పోతున్నారు? డబ్బులుంటే స్విమ్మింగ్ పూల్‌కి. లేకపోతే ఊరి బయట రాయి కొట్టి వదిలేసిన క్వారీ గుంతకి. ప్రతి ఎండాకాలం పేపర్లో ఆ వార్త వస్తుంది. ముగ్గురు స్నేహితులు, ఒకణ్ని కాపాడబోయి ఇంకొకడు. చదివేసి పేజీ తిప్పేస్తాం.

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ వార్త వెనకాల ఉన్న చరిత్ర గురించి. ఈ ఊళ్లో నీళ్లకీ మనుషులకీ మధ్య గోడ ఎప్పుడు లేచింది, ఎవరు కట్టారు?

హుస్సేన్ సాగర్‌తో మొదలుపెడదాం. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టించిన చెరువు. హైదరాబాద్ పుట్టింది 1591లో. అంటే ఊరికంటే చెరువు 29 ఏళ్లు పెద్దది. 1930 ప్రాంతం దాకా దీని నీళ్లు తాగేవాళ్లు. అవును, ఇదే చెరువు! ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుని బండి నడిపేవాళ్లు ఈ లైన్ ఇంకోసారి చదవండి.

ఇక మూసీ. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, ఊరి మధ్యలోంచి పారి, నల్గొండ వైపు వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒకప్పుడు ఇది మామూలు ఏరు. ఎండాకాలం సన్నగా, వానాకాలం నిండుగా. స్నానాలు, బట్టలు ఉతకడం, పశువుల్ని కడగడం అన్నీ అక్కడే.

1908 సెప్టెంబర్ 28న ఈ ఏరే ఊరి మీద పడింది. ఎగువన చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. ఆ నీళ్లన్నీ కలిసి మూసీలోకి వచ్చాయి. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ వైపు ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఉర్దూ కవి అమ్‌జద్ హైదరాబాదీ ఆ రోజు తల్లిని, భార్యని, కూతుర్ని పోగొట్టుకున్నారు. ఆయన మాత్రం బయటపడ్డారు. అంతకుముందు కూడా మూసీకి వరదలొచ్చాయి కానీ, ఊరు నదికి నిజంగా భయపడింది ఆ రోజే.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన చెప్పిన ప్లాన్ ఇంజినీరింగ్ చదివినవాళ్లకి తెగ నచ్చుతుంది. వరద ఊళ్లోకి వచ్చాక ఆపలేం, ఊరికి పైనే పట్టుకోవాలి. మూసీ మీద కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద కట్టిన హిమాయత్ సాగర్ 1927లో. మొదటిది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండోది ఆయన కొడుకు పేరు. ఒకే దెబ్బకి రెండు పనులు: వరద ఆగింది, తాగడానికి నీళ్లు దొరికాయి. పైగా ఉస్మాన్ సాగర్ ఊరికంటే ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు చాలావరకు వాలుకే దిగి వచ్చేస్తాయి. మన పెద్దోళ్లు మెచ్చుకునే గండిపేట నీళ్లు ఇవే.

ఈ ఆనకట్టల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నా లెక్కలో ఈ ఊరికి జరిగిన అతి పెద్ద మేలు అదే. కానీ ప్రతి డిజైన్‌కీ ఒక సైడ్ ఎఫెక్ట్ ఉంటుంది. ఇక్కడ రెండున్నాయి.

మొదటిది, పైన ఉన్న మంచి నీళ్లు తాగునీళ్లయ్యాయి. తాగే నీళ్లలో దిగకూడదు, న్యాయమే. 1996లో వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా ఆపింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. దాని మీద వేరే ఎపిసోడ్ చేయాలి, అంత కథ ఉంది.

రెండోది ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. గేట్లు మూసి ఉన్నంతకాలం కింద మూసీకి కొత్త నీళ్లు రావు. ఎండాకాలం నదిలో పారేది ఏంటి మరి? ఊరు వదిలే నీళ్లు. జనాభా పెరిగేకొద్దీ ఆ మురుగు పెరిగింది, దాన్ని పల్చన చేసే మంచి నీళ్లు మాత్రం పైనే ఆగిపోయాయి. హుస్సేన్ సాగర్‌ది ఇంకో దారి. బాలానగర్, జీడిమెట్ల వైపు పరిశ్రమలు, కాలనీలు పెరిగాయి. కూకట్‌పల్లి నాలా వాటి మురుగుని తెచ్చి చెరువులో కలిపింది. ఇప్పుడు అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, జాతీయ స్థాయివి కూడా. పడవ మీద ఉన్నంతసేపు బాగుంటుంది. పడవ బోల్తా పడితే నోరు మూసుకోవడం కూడా ట్రైనింగ్‌లో భాగమేమో అనిపిస్తుంది నాకు.

అంటే పై నీళ్లకి తాళం పడింది, కింది నీళ్లు మురికయ్యాయి. ఈ మధ్యలో ఇంకొకటి కూడా పోయింది. అది ఈత నేర్పే పద్ధతి.

ఊళ్లలో ఈత ఎట్లా నేర్పేవాళ్లు? వ్యవసాయ బావి దగ్గరకి తీసుకెళ్లి, నడుముకి బెండు గానీ, ఎండిన సొరకాయ బుర్ర గానీ, తర్వాత్తర్వాత ప్లాస్టిక్ డబ్బా గానీ కట్టి దింపేవాళ్లు. తాడు ఇంకో కొస మామ చేతిలోనో అన్న చేతిలోనో. బావి లోతు వాళ్లకి తెలుసు, మెట్లు ఎక్కడున్నాయో తెలుసు, ఏ రాయి జారుతుందో తెలుసు. కోచ్ లేడు కానీ కనిపెట్టి చూసేవాడు ఉన్నాడు. బోర్లు వచ్చాక ఆ బావులు ఎండిపోయాయి, కొన్నిటిని పూడ్చేశారు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ బావుల్లోకి అందర్నీ రానిచ్చేవాళ్లు కాదు. కులం అడ్డం వచ్చేది. ఆడపిల్లలకి చాలా ఊళ్లలో ఆ అవకాశమే లేదు. కాబట్టి పాత రోజులన్నీ బంగారం అని నేను అనట్లేదు.

ఇప్పుడు క్వారీ గుంత సంగతి. చెరువుకి ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, అడుగులో అడుగు వేస్తూ లోపలికి పోవచ్చు. క్వారీకి ఒడ్డే ఉండదు, నిలువు గోడ. ఒక్క అడుగులో నిలువు లోతు. పైన నీళ్లు గోరువెచ్చగా, కింద చల్లగా ఉంటాయి, ఒంటికి ఒక్కసారి షాక్ తగులుతుంది. తిరిగి ఎక్కడానికి చేతికి పట్టు దొరకదు. ఇప్పటి చెరువులు కూడా సేఫ్ అనుకోవద్దు. మట్టి తవ్విన చోట గుంతలుంటాయి, నీళ్లు నిండాక పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది.

నదుల్లో ఇంకో ప్రమాదం. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు చనిపోయారు. వాళ్లు ఈతకి దిగలేదు. రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. ఆనకట్ట ఉన్న నదిలో నీటి మట్టం వానని బట్టి కాదు, గేటుని బట్టి మారుతుంది. వాళ్లలో చాలామందికి ఇరవై ఏళ్ల లోపే.

మరి నగరం పక్కన నీళ్లు మళ్లీ దిగగలిగేలా అవుతాయా? పారిస్‌లో సెన్ నదిలో ఈత 1923లో నిషేధించారు. ఒలింపిక్స్ కోసం సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టి, వాన నీళ్లూ మురుగూ కలిసి నదిలో పడకుండా భూమి కింద పెద్ద ట్యాంక్ కట్టి, 2025 జూలైలో మూడు చోట్ల జనానికి తెరిచారు. నూటరెండేళ్లు పట్టింది. అది కూడా రోజూ నీళ్లు టెస్ట్ చేసి, వాన పడితే మూసేస్తూ.

మన దగ్గర రూల్ లేక కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లని తరగతులుగా విడదీసింది. అందులో ‘బి’ తరగతి అంటే ఆరుబయట స్నానానికి పనికొచ్చే నీళ్లు. లీటరులో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో కోలిఫామ్ బ్యాక్టీరియా 500 మించకూడదు. మూసీ బాగుచేస్తామని ఎవరు చెప్పినా, ఏ పార్టీ అయినా, నేను అడిగేది ఈ మూడు నంబర్లే. ఒడ్డున లైట్లు, వాకింగ్ ట్రాక్ తర్వాత చూద్దాం.

ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లని అడగండి, ఈత ఎక్కడ నేర్చుకున్నారు, తాడు ఎవరు పట్టుకున్నారు, ఎవర్ని రానివ్వలేదు అని. ఊరి పేరు, బావి పేరుతో పంపించండి. ఆ బావి ఇప్పుడు ఏమైందో కూడా రాయండి. వచ్చినవన్నీ మ్యాప్ మీద పెడతాను.