చైనాది కమ్యూనిజమా.. క్యాపిటలిజమా? శ్రీసిటీ నుంచి చూస్తే అసలు సంగతి ఇదీ!

తిరుపతి జిల్లా శ్రీసిటీలో సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. ఏర్పేడు మండలం వికృతమాలలో చైనా కంపెనీ టీసీఎల్ డిస్‌ప్లే ప్యానెళ్ల యూనిట్ పెట్టింది. సత్యవేడు, వరదయ్యపాలెం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతోమంది అమ్మాయిలు కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు వెళ్తున్నారు. ఈ పారిశ్రామిక జోన్ల ఐడియా మనకు చాలావరకు చైనాను చూసి వచ్చిందే. అయితే ఆ చైనాను 1949 నుంచి ఏలుతున్నది కమ్యూనిస్టు పార్టీ. ఎర్రజెండా కింద ఇన్ని ప్రైవేటు ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయి? దాన్ని కమ్యూనిజం అనాలా, క్యాపిటలిజం అనాలా? ఓసారి చూద్దాం.

తెలుగువాళ్లకు పాత చర్చే

చైనా దారి మంచిదా కాదా అనే వాదన మన దగ్గర ఇప్పుడు మొదలైంది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే, 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు మనకు రష్యా దారి కంటే చైనా దారే సరిపోతుందని వాదించారు. 1964 జులైలో తెనాలిలో జరిగిన సదస్సులో మావో చిత్రపటం పెట్టడం పెద్ద చర్చే అయింది. ఆ ఏడాదే పార్టీ చీలి సీపీఎం పుట్టింది. మన పుచ్చలపల్లి సుందరయ్య దానికి తొలి ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాత 14 ఏళ్లకే చైనా తన దారి మార్చేసుకుంది.

1978లో ఏం మారింది?

మావో హయాంలో భూసంస్కరణలు, చదువు, వైద్యం పల్లెలకు చేరాయి. మనుషుల ఆయుర్దాయం బాగా పెరిగింది. అదే హయాంలో 1958లో మొదలుపెట్టిన 'గ్రేట్ లీప్ ఫార్వర్డ్' దెబ్బకు వచ్చిన కరువులో కోట్లమంది చనిపోయారు. ఈ రెండూ నిజాలే.

1978లో అన్హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా ఒప్పందం చేసుకుని కమ్యూన్ పొలాన్ని కుటుంబాలవారీగా పంచుకున్నారు. దిగుబడి పెరిగింది. డెంగ్ జియావోపింగ్ నాయకత్వం దీన్ని అడ్డుకోలేదు, తర్వాత దేశమంతా అమలు చేసింది. 1980లో షెన్‌జెన్, జుహై, షాన్‌టౌ, షియామెన్‌లలో ప్రత్యేక ఆర్థిక మండళ్లు పెట్టారు. 1992లో 'సోషలిస్టు మార్కెట్ ఎకానమీ' అన్న పేరు పార్టీ అధికారిక లక్ష్యమైంది. 2001లో చైనా డబ్ల్యూటీవోలో చేరింది.

ఫలితం అందరికీ కనిపిస్తూనే ఉంది. 1990లో తలసరి జీడీపీలో చైనా మనకంటే కాస్త వెనకే ఉండేది. ఇప్పుడు మనకంటే దాదాపు ఐదు రెట్లు ముందుంది. వరల్డ్ బ్యాంక్ లెక్క ప్రకారం 40 ఏళ్లలో సుమారు 80 కోట్ల మంది అక్కడ కటిక పేదరికం నుంచి బయటపడ్డారు.

ఇంతకీ ఏ ఇజం?

క్యాపిటలిజమే అనేవాళ్లు చూపించేది ప్రైవేటు కంపెనీలను, బిలియనీర్లను. కాదనేవాళ్లు చూపించేది మూడింటిని. ఒకటి భూమి: నగరాల్లో అది ప్రభుత్వానిది, పల్లెల్లో గ్రామ సమష్టిది. రెండు బ్యాంకులు: పెద్దవన్నీ సర్కారువే. మూడు పార్టీ: ఎంత పెద్ద కంపెనీ అయినా దాని మాట దాటలేదు. 2020లో జాక్ మా స్థాపించిన యాంట్ గ్రూప్ ఐపీవోను రెండు రోజుల ముందు ఆపేశారు.

అయితే పార్టీ కార్మికులదే అయితే కార్మికులు తమంతట తాము యూనియన్ పెట్టుకోవచ్చు కదా? అక్కడ కుదరదు. చట్టం ఒప్పుకునేది ఒక్క అధికారిక యూనియన్‌నే. 2018లో షెన్‌జెన్‌లోని జేసిక్ ఫ్యాక్టరీ కార్మికులు యూనియన్ కోసం ప్రయత్నిస్తే అరెస్టులు జరిగాయి. వాళ్లకు మద్దతుగా వెళ్లిన మార్క్సిస్టు విద్యార్థులను కూడా వదల్లేదు.

మనం తెచ్చుకున్నదేంటి?

చైనా జోన్లను చూసొచ్చాక అప్పటి కేంద్ర వాణిజ్య మంత్రి మురసొలి మారన్ 2000లో సెజ్ పాలసీ తెచ్చారు. 2005లో చట్టమైంది. 2008 ఆగస్టు 8న శ్రీసిటీ మొదలైంది. 1988లో షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీ పెట్టిన తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్, 2015లో శ్రీసిటీలో చైనా బ్రాండ్ షావోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది.

కానీ జోన్ తెచ్చుకున్నంత తేలిగ్గా చైనా పద్ధతి మొత్తం రాదు. అక్కడ భూమి మీద ఆఖరి మాట ప్రభుత్వానిదే. ఇక్కడ పట్టా రైతుది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టుకు సర్కారు భూమి సేకరించాలంటే 80 శాతం మంది ఒప్పుకోవాలి. "అందుకే మనం లేటు" అనేవాళ్లున్నారు. అదే రైతుకు రక్షణ అనేవాళ్లూ ఉన్నారు.

పని దగ్గరా ఇదే తేడా. 2010లో షెన్‌జెన్ ఫాక్స్‌కాన్‌లో వరుస ఆత్మహత్యలు ప్రపంచాన్ని కదిలించాయి. 2021 డిసెంబర్‌లో శ్రీపెరంబుదూర్ ఫాక్స్‌కాన్ అమ్మాయిలు హాస్టల్ తిండి బాగోలేదని హైవే మీద కూర్చున్నారు. ఫ్యాక్టరీ కొన్నాళ్లు ఆగింది, యాపిల్ కూడా స్పందించాల్సి వచ్చింది.

ఇప్పుడు చైనాలోనూ ప్రశ్నలు మొదలయ్యాయి. భూమి లీజుల మీద బతికిన స్థానిక ప్రభుత్వాలు ఎవర్‌గ్రాండే లాంటి రియల్ ఎస్టేట్ కంపెనీలు కూలడంతో ఇబ్బందిపడ్డాయి. 2023 జూన్‌లో పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా వారానికి ఆరు రోజులు పని చేయించే '996' పద్ధతి చట్టవిరుద్ధమని 2021లో అక్కడి సుప్రీం కోర్టే చెప్పింది. మన దగ్గర 2025 జూన్‌లో ఏపీ కేబినెట్ రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచేందుకు ఓకే చెప్పింది. కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి.

చైనాకు ఏ పేరు పెట్టాలన్న వాదన ఇప్పట్లో తేలదు. శ్రీసిటీ, వికృతమాల వైపు షిఫ్టుకు వెళ్లేవాళ్లకు మాత్రం పేరు కంటే మూడు విషయాలు ముఖ్యం. ఊరి భూమికి ఎంత ధర దక్కింది, ఉద్యోగం పర్మినెంటా కాంట్రాక్టా, సమస్య వస్తే నలుగురూ కలిసి అడిగే వీలుందా? చైనా నుంచి ఏది నేర్చుకోవాలి, ఏది వద్దనుకోవాలి అని తేల్చుకునేటప్పుడు చూడాల్సిన లెక్కలూ ఇవే.