నిమ్మకాయ కార్ల కథ

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్నారు పెద్దలు. ముచ్చటపడి పెంచుకున్న పాతకారును అమ్మబోయినవాడికి ఇది అనుభవమే. వాడి దగ్గర చవగ్గా కొట్టేసిన దుకాణదారు మర్నాడే దానికి ఎంత ధర చెబుతాడనుకున్నారు!

ఈ గుట్టు 1970లో అమెరికన్ ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ విప్పాడు. కొన్నాక మొరాయించే కారును అక్కడ ‘నిమ్మకాయ’ అంటారు. లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు దేనికైనా మధ్యరకం ధరే ఇస్తానంటాడు. మంచి కారున్నవాడు గిట్టక ఇంటికి పోతాడు. సంతలో నిమ్మకాయలే మిగుల్తాయి! పూచీ ఇస్తానన్న దుకాణదారు ఆ భయానికే వెల కడతాడు.

మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా తెచ్చింది.

ఇప్పుడు ఇంటర్నెట్లో ఫొటో చూసి కొంటున్నాం. ఫొటోలో ఇంజను దగ్గు వినబడదు కదండీ! తన కారు లోపం తనే ముందు చెప్పేవాడు దొరికితే, నాలుగు డబ్బులెక్కువైనా వదలకండి.