సెక్షన్ 8 కంపెనీ: పాలంపేట నుంచి చూస్తే

లాభాలు పంచుకోవడానికి కాక ప్రజలకు పనికొచ్చే ఒక ఆశయం కోసం ఏర్పడి, 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షన్ కింద లైసెన్సు పొందిన కంపెనీని సెక్షన్ 8 కంపెనీ అంటారు. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1956 చట్టంలో ఇది 25వ సెక్షన్, అంతకు ముందటి 1913 చట్టంలో 26వ సెక్షన్. విద్య, కళలు, విజ్ఞానం, క్రీడలు, పరిశోధన, సంక్షేమం, మతం, దాతృత్వం, పర్యావరణ రక్షణ వంటివి ఆశయాలుగా ఉండవచ్చు. ఇలాంటి కంపెనీ సరుకు అమ్మవచ్చు, రుసుము వసూలు చేయవచ్చు, ఏడాది చివర మిగులూ చూపవచ్చు. ఆ మిగులు మాత్రం డివిడెండుగా సభ్యుల చేతికి వెళ్లకూడదు.

పాత వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోకి వచ్చిన పాలంపేటలో ఈ చట్టానికి ప్రత్యేకమైన అవసరం ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలంగాణకు అది మొదటి గుర్తింపు. గుర్తింపు గుడికి దక్కింది కానీ దాని చుట్టూ చేయాల్సిన పనులు ఊరివి: స్థానిక యువతకు గైడ్లుగా శిక్షణ, చెత్త నిర్వహణ, చెరువు పరిసరాల సంరక్షణ, చేతివృత్తులవారికి అంగడి. ఇవి చేయాలంటే చట్టం ముందు నిలబడే ఒక సంస్థ కావాలి.

ఆ సంస్థ కంపెనీయే కానక్కర్లేదు. రామప్పను యునెస్కో దాకా తీసుకెళ్లడానికి ఏళ్ల తరబడి పనిచేసిన కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్, పేరు చెబుతున్నట్టే, ట్రస్టు. విశ్రాంత ఐఏఎస్ అధికారి బి.వి. పాపారావు, ప్రొఫెసర్ ఎం. పాండురంగారావు వంటివారు దాని వెనుక ఉన్నారు. తాగునీటి పథకాలతో పేరు తెచ్చుకున్న వరంగల్ సంస్థ బాలవికాస సొసైటీగా సాగింది. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నిజాం కాలపు 1350 ఫసలీ చట్టం స్థానంలో వచ్చిన 2001 నాటి సొసైటీల చట్టం తెలంగాణలో దానికి ఆధారం. కంపెనీ దారి పట్టినవాటిలో హైదరాబాద్‌లో 2015లో మొదలైన టీ-హబ్ ఫౌండేషన్ ఒకటి. బేసిక్స్ సంస్థల కుటుంబానికి చెందిన ఇండియన్ గ్రామీణ్ సర్వీసెస్ పాత 25వ సెక్షన్ కింద ఏర్పడింది.

కొందరు ఊరివాళ్లు నమ్మకం మీద చిన్న పని మొదలుపెట్టాలంటే ట్రస్టో, సొసైటీయో చాలు. బయటి కంపెనీల సొమ్ము, ప్రభుత్వ భాగస్వామ్యం, దూరదేశాల్లోని తెలుగువాళ్ల విరాళాలు ఆశించేటప్పుడు మాత్రం కంపెనీ రూపమే మేలు. దాని లెక్కలు, డైరెక్టర్ల పేర్లు ఎవరైనా చూసుకోవచ్చు. ఊరి పేరు మీద వచ్చే డబ్బుకు ఆ పారదర్శకత తప్పనిసరి.

ప్రైవేటు కంపెనీగా అయితే ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు సరిపోతారు. పబ్లిక్ కంపెనీకి ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు కావాలి. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఏడాదిలో 182 రోజులు భారత్‌లో ఉండాలి. డాలస్‌లోనో సిడ్నీలోనో స్థిరపడినవారు డైరెక్టర్లు కావచ్చు గానీ, బోర్డు మొత్తం వారితోనే నింపడం కుదరదు. ఏకవ్యక్తి కంపెనీకి ఈ లైసెన్సు ఇవ్వరు. కనీస మూలధనం షరతు లేదు.

దరఖాస్తు స్పైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ ఫారంలో వెళ్తుంది. మొదటి భాగం పేరు కోసం. పేరు చివర లిమిటెడ్ అని ఉండదు, బదులు ఫౌండేషన్, ఫోరం, అసోసియేషన్, కౌన్సిల్ వంటి మాట ఉండాలి. ఓరుగల్లు ప్రాంతంలో కాకతీయ పేరు పెట్టుకున్న సంస్థలు కొల్లలు కనుక, ఉన్న కంపెనీ పేరుకు దగ్గరగా ఉందేమో ముందే వెతకాలి. ఆమోదించిన పేరు 20 రోజులు నిలుస్తుంది. ఆలోగా డిజిటల్ సంతకాలు, మెమోరాండం, ఆర్టికల్స్, రాబోయే మూడేళ్ల ఆదాయ వ్యయాల అంచనా, సీఏ లేదా కంపెనీ సెక్రటరీ వంటి వృత్తి నిపుణుడి ధ్రువీకరణ సమర్పించాలి. పాలంపేట ఫైలును పరిశీలించేది హరియాణాలోని మానేసర్ కేంద్ర నమోదు కార్యాలయం. ఆ తర్వాత ఏటా చూసుకునేది హైదరాబాద్‌లోని రిజిస్ట్రార్. లైసెన్సు, నమోదు పత్రం, పాన్ ఒకే ప్రక్రియలో వస్తాయి.

రిజిస్టర్డ్ ఆఫీసు ఊళ్లోనే పెట్టవచ్చు. రెండు నెలలకు మించి పాతబడని కరెంటు బిల్లు, ఇంటి యజమాని నిరభ్యంతర పత్రం కావాలి. సభ్యుడి ఇంట్లోనే ఆఫీసు పెడితే అతనికి సహేతుకమైన అద్దె ఇవ్వడాన్ని మెమోరాండం నమూనాయే అనుమతిస్తుంది.

పాలంపేటలో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయాల్సింది ఆశయాల భాగం. రామప్ప భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాబట్టి గుడి జీర్ణోద్ధరణ తన పనిగా రాసుకున్న కంపెనీ, ఆ శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయినీ కదపలేదు. గైడ్ల శిక్షణ, హస్తకళలు, చెరువు, శుభ్రత అని స్పష్టంగా రాసుకుంటే దారి తేలిక.

డబ్బు వెంటనే రాదు. దాతలకు పన్ను మినహాయింపు దక్కాలంటే 12ఏ, 80జీగా అందరికీ తెలిసిన నమోదులు వేరుగా తెచ్చుకోవాలి. చారిత్రక స్థలాల పునరుద్ధరణ, సంప్రదాయ హస్తకళలు కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) జాబితాలో ఉన్నాయి. అయితే స్వతంత్రంగా పుట్టిన సంస్థకు ఆ సొమ్ము అందాలంటే కనీసం మూడేళ్ల పని అనుభవం చూపాలి. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి మరో మెట్టు. దానికీ సాధారణంగా మూడేళ్ల ఉనికి అవసరం.

ఆ మూడేళ్లలోనే చిన్న సంస్థలకు గట్టి పరీక్ష ఎదురవుతుంది. ఆదాయం ఉన్నా లేకపోయినా ఆడిట్ చేయించాలి, వార్షిక సమావేశం జరపాలి. ఆ సమావేశం జరిగాక ఆర్థిక నివేదికలను 30 రోజుల్లో, వార్షిక రిటర్నును 60 రోజుల్లో దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు రూ. 100 అదనపు రుసుము. బోర్డు ఆరు నెలలకోసారి కూర్చుంటే చాలన్న 2015 నాటి సడలింపు కొంత ఊరట.

షరతులు మీరితే కంపెనీకి రూ. 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా పడవచ్చు, లైసెన్సూ రద్దు కావచ్చు. కంపెనీని మూసేసినప్పుడు అప్పులు తీరగా మిగిలిన ఆస్తి సభ్యులకు రాదు. అలాంటి ఆశయాలే ఉన్న మరో సెక్షన్ 8 కంపెనీకో, దివాలా నిధికో చేరుతుంది.