ప్రతినిధి ఋణము: మర్రి చెన్నారెడ్డిగారి చరిత్రము

రాజుల చరిత్రము వ్రాయుట సులభము. ప్రజలెన్నుకొన్న ప్రతినిధుల చరిత్రము వ్రాయుట కష్టము. ప్రతినిధి తనకు లభించిన ప్రతి యోటునకును ఋణస్థుడు. ఆ ఋణమెంతవరకు తీరినదో లెక్క చూచుట చరిత్రకారుని విధి. అట్టి లెక్కకు దగిన జీవితమొకటి హైదరాబాదు నగరములోని సనత్‌నగరు నియోజకవర్గముతో ముడిపడి యున్నది. అది డాక్టరు మర్రి చెన్నారెడ్డిగారి జీవితము.

వీరు 1919వ సంవత్సరము జనవరి 13వ తేదిని, నేటి వికారాబాదు జిల్లాలోని యొక పల్లెయందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించిరి. నిజాము పాలన యింకను సాగుచుండగనే ప్రజాకార్యములలో బ్రవేశించిరి. 1952లో వికారాబాదు నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకెన్నికయి, బూర్గుల రామకృష్ణారావుగారి మంత్రివర్గమున జేరిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదిమూడేండ్లు. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణములను గలుపుటకై పెద్దమనుష్యుల యొడంబడిక జరిగినప్పుడు తెలంగాణము పక్షమున సంతకము చేసినవారిలో వీరొకరు. వీరి మేనమామ కొండా వెంకట రంగారెడ్డిగారు మరియొకరు.

1967లో తాండూరు నుండి గెలిచి, కేంద్రప్రభుత్వమున మంత్రిపదవి నందిరి. కాని ఆ యెన్నికలో నక్రమములు జరిగెనని ప్రత్యర్థి వందేమాతరం రామచంద్రరావుగారు న్యాయస్థానము నాశ్రయించిరి. 1968లో ఉన్నతన్యాయస్థాన మాయెన్నికను రద్దు చేసెను. ఆ యేటనే సర్వోన్నతన్యాయస్థానము నా తీర్పును స్థిరపరచెను. మంత్రిపదవి పోయినది. ఆరేండ్లు పోటీచేయుటకు వీలు లేకపోయెను. ఓడిన యభ్యర్థి యొకరు అర్జీ పట్టుకొని న్యాయస్థానపు గడప తొక్కగా కేంద్రమంత్రి పీఠము కదలినది! విద్యార్థులకు బౌరధర్మము బోధించునపుడు మేమీ కథను దప్పక చెప్పుచుందుము.

అంతలో 1969 వచ్చినది. 1956 నాటి వాగ్దానములు నెరవేరలేదని విద్యార్థులును ఉద్యోగులును ప్రత్యేక రాష్ట్రమునకై లేచిరి. కాల్పులలో ననేకులు మరణించిరి. 369 మందియని యుద్యమమువారు చెప్పుదురు. ఆ యొడంబడికకు సంతకము చేసిన చెన్నారెడ్డిగారే తెలంగాణ ప్రజాసమితికి నాయకులైరి. 1971 లోకసభ యెన్నికలలో, తాము పోటీచేయ వీలులేకున్నను, తెలంగాణములోని 14 స్థానములలో 10 సమితికి గెలిపించిరి. ప్రజలు తమ కోరికను ఇంతకంటె స్పష్టముగా నెట్లు చెప్పగలరు?

ఆ సంవత్సరము సెప్టెంబరులోనే సమితి కాంగ్రెసులో లీనమయ్యెను. బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రిపదవి వదలగా, తెలంగాణమువారైన పి.వి. నరసింహారావుగారు దానినందిరి. ఇది కొంత లాభమని యెంచినవారు గలరు. వారి మాటను మేము తృణీకరింపము. కాని ఓటరులడిగినది ముఖ్యమంత్రిని గాదు, రాష్ట్రమును. బిడ్డలను బోగొట్టుకొన్న తల్లులకు ఈ లాభమును ఎవరు వివరింపగలరు?

పిమ్మట 1974లో వీరు ఉత్తరప్రదేశమునకు గవర్నరైరి. 1978 మార్చిలో, ఏ రాష్ట్రమును విడదీయవలెనని పోరాడిరో ఆ రాష్ట్రమునకే ముఖ్యమంత్రియైరి. ఆ యేటనే మేనమామ పేర రంగారెడ్డి జిల్లా యేర్పడెను. 1980 అక్టోబరులో పదవి విడిచిరి. 1989లో, కర్మాగారములకును కార్మికుల యిండ్లకును బేరుపడిన సనత్‌నగరు వీరిని శాసనసభకు బంపెను. డిసెంబరు 3వ తేదిని మరల ముఖ్యమంత్రియైరి. మరుసటి డిసెంబరులో హైదరాబాదున మతకలహములు చెలరేగి అమాయకుల ప్రాణములు పోగా, 17వ తేదిని రాజీనామా చేసిరి. రెండు పర్యాయములలో నొక్కటియు నైదేండ్లు నిండలేదు. 1992లో వీరు రాజస్థానమునకు గవర్నరుగా నేగగా, ఉపయెన్నికలో సనత్‌నగరు వీరి కుమారుడు శశిధరరెడ్డిగారి నెన్నుకొనెను. 1996 డిసెంబరు 2వ తేదిని, తమిళనాడు గవర్నరుగా నుండగా వీరు పరమపదించిరి. 1971లో ప్రజలు కోరిన రాష్ట్రము 2014 జూన్ 2వ తేదిని వచ్చినది. నలువది మూడేండ్లు పట్టినది.

వీరి ధైర్యమును, కార్యదక్షతను మేము కాదనము. పడి లేచిన శక్తి సామాన్యమైనది కాదు. అయితే ఈ చరిత్రలో రెండు విధములైన తప్పులు గనబడుచున్నవి. ఎన్నికలో జరిగిన యక్రమమునకు న్యాయస్థానమున్నది, అది శిక్షించినది. ఎన్నిక పిమ్మట మరచిన మాటకు న్యాయస్థానమెక్కడ? దానికి న్యాయాధిపతి ఓటరు. సాక్ష్యము ఓటరు జ్ఞాపకము. ఆ జ్ఞాపకము నశించినచో వాది లేని వ్యాజ్యమువలె ఋణము కొట్టుపడిపోవును.

చదువరులారా! పాలవాడు పోసిన పాలకు మన యిల్లాండ్రు గోడపై గీతలు గీసి, నెల తిరుగగానే లెక్క సరిచూతురు. ఐదేండ్ల కొకసారి మనమిచ్చు నోటునకు ఏ గోడపై నొక్క గీతయైన గీసికొనుచున్నామా?