బీటిల్ ఇంజిన్‌కు జంట కార్బురేటర్లు

ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిన్‌కు కంపెనీ బిగించిన ఒంటి కార్బురేటర్‌ను తీసేసి, రెండు పక్కలా ఒక్కొక్కటి పెట్టుకోవడం పాత కార్ల అభిమానులు చాలాకాలంగా చేస్తున్న పని. 1950లలోనే జర్మనీలో ఓట్టింగర్ సంస్థ ఒక్రాసా పేరుతో ఇలాంటి కిట్లు అమ్మింది. 1963లో ఫోక్స్‌వాగన్ స్వయంగా తన 1500ఎస్ కారుకు రెండు సోలెక్స్ కార్బురేటర్లు పెట్టింది. జర్మన్ బీటిల్‌కు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు.

ఒంటి కార్బురేటర్‌తో వచ్చే చిక్కంతా దూరంతోనే. ఈ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు పక్కకు రెండు చొప్పున పడుకుని ఉంటాయి. కార్బురేటరేమో నడిమధ్య ఉంటుంది. అక్కడ గాలిలో కలిసిన పెట్రోలు సన్నటి, పొడవాటి గొట్టం (మ్యానిఫోల్డ్) గుండా సిలిండర్ హెడ్‌ల దాకా వెళ్లాలి. దారిలో చల్లటి గోడలకు తగిలి మళ్లీ చుక్కలవుతుంది. అందుకే సైలెన్సర్ వైపు నుంచి వేడి పొగను ఒక చిన్న గొట్టంతో తెచ్చి ఆ మ్యానిఫోల్డ్‌ను వెచ్చబెట్టారు. నమ్మకంగా పనిచేసే ఏర్పాటే, కానీ వేగంలో ఊపిరి ఆడదు. 34 పిక్ట్-3 కార్బురేటర్ ఉన్న 1584 సీసీ ఇంజిన్ ఇచ్చేది 50 హార్స్‌పవర్. కార్బురేటర్ హెడ్ పక్కకే వస్తే ఆ పొడవాటి దారీ, వెచ్చబెట్టే గొట్టమూ అక్కర్లేదు.

దొరికే జోడీలలో వెబర్ 34 ఐసీటీ, బ్రెజిల్‌లో పుట్టి కాడ్రన్ పేరుతో చలామణి అయిన సోలెక్స్ 40 ఈఐఎస్ ఒక రకం. వీటిలో పక్కకు ఒకే గొంతు, దాన్ని రెండు సిలిండర్లు పంచుకోవాలి. ఈ ఇంజిన్ ఫైరింగ్ వరస 1-4-3-2. 1, 2 ఒక పక్క, 3, 4 మరో పక్క. అంటే ఒక పక్కన రెండు సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఒకదాని వంతు మిశ్రమంలో రెండోది చెయ్యి పెడుతుంది. వెబర్ 40 ఐడీఎఫ్, డెల్లార్టో డీఆర్ఎల్ఏ లాంటి వాటిలో ప్రతి సిలిండర్‌కూ సొంత గొంతు ఉంటుంది కాబట్టి ఈ తగువు లేదు. ఖర్చూ, సర్దుబాటూ మాత్రం రెట్టింపు. చాలావాటికి చోక్ ఉండదు, చలి పొద్దున నాలుగైదు సార్లు యాక్సిలరేటర్ తొక్కాకే స్టార్ట్ చేయాలి.

ఈ పేర్లలోని 40 అంటే థ్రాటిల్ దగ్గర గొంతు వ్యాసం, మిల్లీమీటర్లలో. అసలు పని లోపలి వెంచురిది. మామూలు 1600 ఇంజిన్‌కు 28 వెంచురి, 115కు అటూఇటూ మెయిన్ జెట్, 50 లేక 55 ఐడిల్ జెట్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. వెంచురి మరీ పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎమ్‌లో గాలి వేగం చాలక పికప్ చచ్చిపోతుంది. కంపెనీ క్యామ్, కంపెనీ సైలెన్సర్ ఉన్న బండికి 44 సైజు కార్బురేటర్లు బిగించడం దండగ.

పాత మ్యానిఫోల్డ్ తీసినప్పుడు చాలామంది మరిచేది రేకుల సంగతి. గాలితో చల్లబడే ఈ ఇంజిన్‌కు చుట్టూ ఉన్న రేకులే పైనున్న చల్లగాలినీ కింది వేడిగాలినీ వేరుచేస్తాయి. వెచ్చబెట్టే గొట్టం పోయిన చోట రంధ్రాలు మిగులుతాయి. వాటిని మూయకపోతే కింది వేడి పైకెక్కి మళ్లీ ఫ్యాన్‌లోకే వెళుతుంది.

రెండు కార్బురేటర్లూ ఒకే మోతాదులో గాలి పీల్చేలా కుదర్చడం అసలు పరీక్ష. రెండింటినీ కలిపే లింకేజీ కడ్డీని ఊడదీసి, గాలి ప్రవాహాన్ని కొలిచే మీటరును ఒక్కో గొంతు మీద పెట్టి, స్లో స్క్రూతో రెండింటినీ సమం చేస్తారు. ఆ స్క్రూ మరీ బిగిస్తే థ్రాటిల్ రేకు పక్కనున్న ప్రోగ్రెషన్ రంధ్రాలు బయటపడి, పెట్రోలు అక్కడి నుంచీ వస్తుంది. అప్పుడు మిక్స్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజిన్ పట్టించుకోదు. లింకేజీ మళ్లీ తగిలించాక కొలతలు మారకూడదు. చల్లటి ఇంజిన్ మీద చేసిన పని నిలవదు. వేడెక్కితే సిలిండర్లు సాగి రెండు హెడ్‌లూ దూరం జరుగుతాయి, కడ్డీ లాగుడు మారుతుంది, స్లో పెరిగిపోతుంది. కడ్డీకి ఆ కదలికను తట్టుకునే ఏర్పాటు లేని చవక కిట్లు పనికిరావు.

డిస్ట్రిబ్యూటర్‌నూ చూడాలి. వ్యాక్యూమ్ మీదే ఆధారపడి స్పార్క్‌ను ముందుకు జరిపే పాత రకానికి జంట కార్బురేటర్ల నుంచి సరైన సంకేతం అందదు. స్పార్క్ ఆలస్యమై హెడ్‌లు వేడెక్కుతాయి. దానికి బదులుగా పేరు మోసిన బాష్ 009 పూర్తిగా మెకానికల్. దానితో పెడల్ తొక్కగానే ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతుంది. పెద్ద ఐడిల్ జెట్‌తో ఆ లోపాన్ని కప్పిపుచ్చేవారే ఎక్కువ.

పెట్రోలు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. ఐడీఎఫ్‌కు చదరపు అంగుళానికి మూడు పౌండ్ల ఒత్తిడి చాలు, ఎక్కువైతే పెట్రోలును ఆపే సూది నిలవక ఫ్లోట్ గిన్నె పొంగి ఇంజిన్ మీద పడుతుంది. కింద ఉన్న క్రాంక్‌కేస్ మెగ్నీషియం మిశ్రమలోహం, అంటుకుంటే ఆర్పడం కష్టం. ఇప్పుడు మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందున అవే జెట్లతో మిశ్రమం పలచబడుతుంది, అంటే లీన్ అవుతుంది. లీన్‌గా నడిచే ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. ఇక్కడ జెట్లు మామూలుగా చెప్పే అంకెల కంటే ఒక మెట్టు పెద్దవి వేసి, ప్లగ్ రంగు చూసి ఖాయం చేసుకోవాలి.