ఛాయాచిత్రముల పట్టికలు

తాళపత్ర గ్రంథములను చూచినవారికి ఒక విషయము తెలిసియుండును. కట్టకు పైనను క్రిందను చెక్కపలకలు, నడుమ త్రాడు. గ్రంథము పేరు పైయాకు అంచున గాని పలకమీద గాని వ్రాసియుంచెడివారు. ఆ పలక ఊడిపోయినను, పైయాకును చెదలు తినినను, గ్రంథము అనామకము కాదు. ఆశ్వాసాంతమున గద్య యుండును గదా! అందు కవి పేరు, తండ్రి పేరు, కావ్యము పేరు, ఆశ్వాస సంఖ్య యన్నియు నుండును. మన పూర్వులు గ్రంథముయొక్క ఆనవాలును గ్రంథములోననే పొదిగిరి. నేను నేడు చెప్పబోవునది ఛాయాచిత్రములను గూర్చియే యైనను, ఈ గద్యను శ్రోతలు జ్ఞాపకముంచుకొన వేడెదను.

1839లో పారిస్ నగరమున డాగేరు పద్ధతి వెల్లడియైనది మొదలు ఛాయాచిత్రకళ లోకమున వ్యాపించెను. మన ప్రాంతముతో ముడిపడిన గొప్ప ఛాయాచిత్రకారుడు లాలా దీనదయాళు. ఆయన 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో జన్మించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున చేరి, రాజా బిరుదము నంది, సికందరాబాదున చిత్రశాల నడిపి, 1905లో గతించెను. ఆ చిత్రశాల గాజు పలకలు 2,857 నేడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునం దున్నవి. 1989లో ఆ సంస్థవారు వానిని కొనిరి. ఆయన పటములలో పెక్కింట చిత్రకారుని పేరును, సంఖ్యయు గాజు పలకమీదనే వ్రాయబడి, ముద్రణముతోపాటు కాగితమునకు దిగినవి. ఆ కాగితము ఏ యింటికి పోయినను తన పుట్టుక తానే చెప్పుకొనును. ఇదియు ఒక గద్యయే.

సామాన్య గృహములలో ఇంత జాగరూకత యెక్కడిది? పటము వెనుక పెన్సిలుతో ఒక పేరు, ఒక తేది వ్రాసినవారే ఘనులు. తక్కినవారు ఏమియు వ్రాయలేదు. ఇంటిల్లిపాదికి తెలిసిన ముఖములకు పేర్లు వ్రాయుట యెందులకని వారి తలపు. మనుమలకు ఆయన తాతగారు. వారి మనుమలకు మాత్రము ఎవరో మీసముల పెద్దమనిషి.

ఇక సంఖ్యారూప చిత్రముల కథ. 1957లో అమెరికా దేశపు ప్రమాణముల సంస్థలో పనిచేయుచుండిన రస్సెల్ కిర్ష్ అను నాతడు మూడు నెలల తన కుమారుని పటమును నిలువున 176, అడ్డమున 176 గళ్లుగా విభజించి, ఏ గడి తెలుపో ఏ గడి నలుపో యంత్రమునకు అంకెలలో నేర్పెను. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ ఫిల్ము లేని కెమెరాను కట్టెను. దాని బరువు సుమారు 3.6 కిలోలు. ఒక్క చిత్రమును టేపుపై ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. అందలి గళ్లు పదివేలు మాత్రమే. నేడు జేబులోని ఫోను తీయు చిత్రమున కోటికి మించిన గళ్లుండును.

ఫిల్ము చుట్టకు 36 చిత్రములు. అవి కాగానే చేయి దానంతట అదే ఆగెడిది. ఇప్పుడు ఆగుట లేదు. ఒక్క పెండ్లికి వేయి, రెండువేల పటములు; అన్నింటి పేర్లును మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరములు, ఒక సంఖ్య! పేరులేని పటములు పూర్వము పెట్టెకు ఇరువదియైనచో, ఇప్పుడు ఇంటికి ఇరువదివేలు.

ఈ చిక్కును ముందుగా పసిగట్టినవారు జపానువారు. అచ్చటి పరిశ్రమ సంఘము 1995లో ఎక్సిఫ్ అను ఏర్పాటును వెలువరించెను. దానిని బట్టి కెమెరాయే చిత్రమును తీయునప్పుడు తేది, గంట, నిమిషము, వెలుతురు కొలత మున్నగువానిని చిత్రములోపలనే కంటి కగపడకుండ వ్రాసిపెట్టును. అయితే ఎప్పుడు అనునది యంత్రమెరుగును గాని, ఎవరు అనునది ఎరుగదు. ఎవరు, ఎచట, ఏ సందర్భమున అని వ్రాయుటకు గళ్లను వార్తాపత్రికలవారు కోరిరి. 1965లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘ మొకటి, ఐపీటీసీ యనునది, వానిని నిర్ణయించెను. 2001లో అడోబీ సంస్థ ఎక్స్‌ఎంపీ అను విశాలమైన పద్ధతిని చేర్చెను. తెలుగు అక్షరములు 1991 నాటి యూనికోడు తొలి సంపుటము నుండియు ఉన్నవి గాన, ఆ గళ్లలో మన లిపిలోనే వ్రాయవచ్చును.

వ్రాయుటకును, వెదకుటకును ఉపకరించు సాఫ్టువేర్లు ఆ వెనుక పెక్కు పుట్టినవి. 2002లో వచ్చిన పికాసాను 2004లో గూగుల్ సంస్థ కొని ఉచితముగా ఇచ్చెను. 2009 నాటికి అది ముఖములను పోల్చి, ఒక్కరివి ఒక్కచోట కూర్చుట నేర్చినది. 2016లో దాని నిర్వహణము ఆగిపోయినది. ఆపిల్ సంస్థవారి ఐఫోటో 2002లో పుట్టి 2015లో మరుగుపడినది. పటములు పదిలముగనే యున్నవి. కాని పికాసాలో ముఖములకు పెట్టిన పేర్లు సామాన్యముగా ఆ సాఫ్టువేరు స్వంత పత్రములలో నుండెడివి. పటములను మాత్రము క్రొత్త కంప్యూటరునకు మార్చిన వారికి పేర్లు వెంట రాలేదు. పలకమీద వ్రాసిన పేరు ఇట్టిది. పటములోపలి గళ్లలో వ్రాసినది గద్యవంటిది. ఏ సాఫ్టువేరును ఎన్నుకొనుటకైనను నేను మొదట అడుగు ప్రశ్న ఇదియే: పేరు ఎచట వ్రాయుచున్నావు? తక్కిన సొగసులు తరువాత.

మా యూరి యిండ్లలోని పాత పటములను, నాలుగు వందలకు పైబడినవానిని, మా మనుమడు యంత్రముతో ప్రతులు తీసెను. వానిని అమర్చుటకు 2001లో ఆరంభమైన డిజికామ్ అను ఉచిత సాఫ్టువేరును తీసికొంటిమి. పేర్లను పటములోపలనే వ్రాయుమని దానికి ఒకమారు ఆజ్ఞాపించిన చాలును. ముఖములను పోల్చుటలో అది ఒక్కొక్కప్పుడు మనుమనికి తాత పేరు చూపును. వంశమును గుర్తుపట్టినది గదా యని నేను కోపింపను. తేదితో మాత్రము చిక్కు. ప్రతి తీసిన నాటి తేదినే అది పటపు తేది యనుకొనును. సరియైన తేదిని మనమే దిద్దవలెను. వాట్సాపులో మామూలుగా పంపిన పటములనుండి లోపలి వ్రాతలు రాలిపోవును గాన, పేర్లు వ్రాసిన పటమును పత్రరూపమున పంపుట మేలు.

మా గ్రంథాలయ వార్షికోత్సవపు పటమొకటి దొరకినది. వెనుక సిరాతో “విరోధి, మాఘము” అని మాత్రమున్నది. విరోధి 1949లో వచ్చినది, 2009లోను వచ్చినది. పటములోని తలపాగాలను బట్టి మొదటిదియే యని తెలియుచున్నది. ఆ మాఘము 1950 జనవరి, ఫిబ్రవరి నెలలకు సరిపోవును. యంత్రపు గడిలో అంకెలు వ్రాసి, దాని ప్రక్కన తెలుగు సంవత్సరమును వ్రాసితిమి. పటములో ఇరువది ముగ్గురున్నారు. పందొమ్మిదిమంది పేర్లు ఇంటింటికి తిరిగి సంపాదించితిమి. వెనుక వరుసలోని నలుగురిని ఎరిగియుండదగినవారు మా యూరిలో ఇక ఒక్కరే. ఆయనకు తొంబదియొక్క యేండ్లు, చూపు మందగించినది. అందుచేత ఆ నాలుగు ముఖములను మనుమడు పెద్దవి చేసియుంచినాడు. ఈ ఆదివారము ఉదయము, వెలుతురు బాగుగా నున్న వేళ, వారి అరుగుమీదికి కంప్యూటరును తీసికొనిపోవుచున్నాము.